ఎడమచేతి చోటు

ఆ వేసవిలో నేను చాలాసార్లు నిద్ర నటించాను.

అనుకున్నంత తేలికేం కాదు. ఊపిరి నిదానంగా తీయాలి. ఎవరైనా గదిలోకి తొంగిచూస్తే రెప్పలు అదరకూడదు. ముప్ఫై ఏళ్ళకు పైగా వేదికలెక్కినవాణ్ణి, జనాన్ని నమ్మించడం నాకు కొత్త కాదు గానీ, మా ఆవిడని మాత్రం నమ్మించలేకపోయాను. ఆమె గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి వచ్చినవాళ్ళతో, "ఇప్పుడే కునుకు పట్టింది" అనేది. నా కోసం అబద్ధమాడుతోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

ఎండలు ముదరకముందే జరిగింది. ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఎడమచేతిలో ఉన్న సబ్బుగిన్నె జారి పడింది. వంగి తీద్దామంటే చెయ్యి నా మాట వినలేదు. పక్షవాతం. "అదృష్టవంతులండీ, మాట పోలేదు, నడక పోలేదు" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "మరి పోయిందేంటి?" అన్నాను. నేనెవరో ఎరిగినవాడు. తలవంచుకుని నా కాగితాలు తిరగేశాడు.

నా గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు. కానీ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. జాజ్ పియానో వినేవాళ్ళలో నా పేరు తెలియనివాళ్ళు తక్కువ. నా మొదటి రికార్డు విన్న ఒక పెద్దమనిషి, "పియానో వాయించింది ఇద్దరు కదా, రెండో ఆయన పేరు కవరు మీద వెయ్యలేదేం?" అని అడిగాడట. ఆ ముచ్చట నేను ఎన్ని చోట్ల చెప్పుకున్నానో లెక్కే లేదు. మెచ్చుకున్నవాళ్ళందరూ ముందు నా ఎడమచేతినే మెచ్చుకునేవారు. కుడిచెయ్యి పైన పాట పాడుతుంటే, ఎడమది కింద నడక నడిచేది, తాళం పట్టేది, మధ్యమధ్యలో కుడిచేతికి ఎదురు ప్రశ్నలు వేసేది. ముగ్గురి పని ఒక్క చెయ్యి చేస్తోందని పత్రికల్లో రాశారు. ఆ చెయ్యి ఇప్పుడు, ఎవరో మర్చిపోయి వదిలేసి వెళ్ళిన వస్తువులా నా ఒళ్ళో పడి ఉండేది.

చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టేది. అంతసేపూ నేను ఇంటి కప్పు చూసేవాణ్ణి. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. చేతిలో మెత్తటి రబ్బరు బంతి పెట్టి, "నొక్కండి అంకుల్, ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. చిటికెన వేలు కాస్త కదిలితే చాలు, "శభాష్!" అనేది. అంతకుముందు నాకు శభాష్ అన్నవాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడి అన్నారు. బంతి కింద పడి దొర్లిపోతే ఆ అమ్మాయి పాపం మంచం కింద దూరి తెచ్చేది. నేను మళ్ళీ కప్పు చూసేవాణ్ణి.

ఇంటికొచ్చిన వారానికే పొడుగాయన రావడం మొదలుపెట్టాడు. మా జట్టులో బేస్ వాయించేది అతనే. జట్టంటే మేమిద్దరమే. నాకు పియానో, అతనికి మనిషంత ఎత్తున నాలుగు తీగల వాయిద్యం, కింది స్వరాలు దానివి. అతనూ పొడుగే కాబట్టి, దాంతో గుమ్మం దాటుతుంటే ఇద్దరు పొడుగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని లోపలికి వస్తున్నట్టుండేది. మా ఆవిడని చెల్లెమ్మా అనేవాడు. ఆ వరసన నేను అతనికి బావని.

"ఏడి బావ?"

"ఇప్పుడే కునుకు పట్టింది అన్నయ్యా."

"మొన్న కూడా ఇప్పుడే పట్టింది కదమ్మా!"

"మందులు కదా, మత్తుగా ఉంటోంది."

"సరే, పడుకోనీ."

అని వెళ్ళిపోయేవాడు కాదు. ముందుగదిలో కూర్చుని టీ తాగేవాడు. ఆ మాటా ఈ మాటా చెప్పేవాడు. నేను గోడవైపు తిరిగి వినేవాణ్ణి. ఏటా వేసవిలో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో మా కచేరీలుండేవి. ఈసారి నా బదులు ఇంకెవరినో పెట్టుకున్నారట. అతనితో కలిసి వాయించడానికి పొడుగాయన్ని రమ్మన్నారట. "బావ లేచాక చూద్దాంలే అని చెప్పాను చెల్లెమ్మా" అనడం వినిపించింది. లేచి వెళ్ళి, "నా కోసం ఆగకు, వెళ్ళి వాయించుకో" అనాలి. అది అనాలంటే లేవాలి. లేస్తే ఈ చెయ్యి చూస్తాడు. కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకున్నాను.

ఒకరోజు బేస్ మోసుకుంటూ వచ్చాడు. మాది మూడో అంతస్తు.

"అయ్యో, ఇదెందుకు అన్నయ్యా?" అంది మా ఆవిడ.

"లేచాడేమోనని."

"లేవలేదు."

"అయితే ఇక్కడే ఉంచుతాను. దీన్ని మళ్ళీ కిందికి దించానంటే, నేనూ వచ్చి మీ ఆయన పక్కన పడుకోవాల్సిందే."

అప్పటినుంచి ఆ బేస్ మా ముందుగది మూలన నిలబడి ఉండేది. ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా దాని ముందునుంచే వెళ్ళాలి. మా ఆవిడ రోజూ దాని దుమ్ము తుడిచేది. పియానో మీద మాత్రం ఎవరూ చెప్పకుండానే దుప్పటి కప్పేసింది.

కింది వాటాలో ఉండే ఆవిడ ఒకసారి పైకి వచ్చింది. చీపురుకర్రతో తన ఇంటి కప్పుని, అంటే మా నేలని, ఏళ్ళ తరబడి పొడిచిన మనిషి. నేను ముందుగదిలో కుర్చీలో దొరికిపోయాను. ఎడమచేతి మీద తువ్వాలు లాక్కున్నాను.

"నేను పొడిచానని వాయించడం మానేశారా?" అంది.

"అబ్బే, అదేం లేదండీ" అంది మా ఆవిడ.

"వాయించుకోండి. కర్ర పారేశాను." ఆవిడ నాతో మాట్లాడుతూ తువ్వాలు వైపే చూస్తోంది. "ఇల్లు బావురుమంటోందండీ. మీదనుకునేరు, మా ఇల్లు."

శత్రువు వచ్చి జాలిపడి వెళ్ళింది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో సంగీత కళాశాలలో పియానో నేర్పే అమ్మాయి వచ్చింది. వేసవి చివర నా పేరున ఒక సంగీత సాయంత్రం జరుపుతారట. అందులో నా రికార్డులోని పాట ఒకటి తను వాయిస్తుందట. "మీరు వినాలి సార్, తప్పులుంటే చెప్పాలి" అని దుప్పటి తీసి కూర్చుంది.

వాయించింది. తప్పుల్లేవు. కుడిచెయ్యీ, ఎడమచెయ్యీ, నేను ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ కావాలని వెనకబడ్డానో, అన్నీ. నా చెయ్యి వెళ్ళి ఇంకొకరి భుజానికి అతుక్కుని నా ఎదురుగానే ఆడుతుంటే, నేను తువ్వాలు కింద ఒట్టి మాంసంముద్ద దాచుకుని కూర్చున్నాను. ఆ ఎండలో ఒంటి మీద తువ్వాలేమిటని ఆమె అడగలేదు.

"ఒక సందేహం అడగొచ్చా సార్?"

"అడుగమ్మా."

"మీ ఎడమచెయ్యి మొత్తం నేర్చుకున్నాను. కానీ మా బేస్ అతనితో గొడవవుతోంది. కిందంతా నువ్వే వాయించేస్తే నేనేం చెయ్యను, గోడకానుకుని నిలబడనా అంటున్నాడు. మీ బేస్ ఆయనకి మీరేం చెప్పేవారు?"

నాకు నవ్వొచ్చింది. "మావాడు ఎప్పుడూ అడగలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

గర్వంగానే అన్నాను. ఆ జవాబు తనకి పనికిరాలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. మూలనున్న బేస్ వైపు ఒకసారి చూసి, పియానో మీద దుప్పటి మళ్ళీ జాగ్రత్తగా కప్పింది.

"ఆ రోజు మీరు వచ్చి ముందు వరసలో కూర్చుంటే చాలు సార్."

"కూర్చోవడమేంటి? వాయిస్తాను."

వంటింటి గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఆ అమ్మాయి ఎంత సంతోషపడిందంటే, నమస్కారం పెట్టి, టీ తాగడం మర్చిపోయి వెళ్ళిపోయింది.

"ఎందుకన్నారా మాట?"

"నోరు జారింది."

"జారలేదు. మీరే తోశారు" అంది మా ఆవిడ, ఆ టీ తనే తాగేస్తూ.

మర్నాడు ఆమె మందుల కోసం బయటికి వెళ్ళగానే లేచాను. దుప్పటి లాగేశాను. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి పియానో మెట్ల మీద పెట్టాను. అది ఉన్నచోట ఉండకుండా జారింది. జారుతూ అయిదారు మెట్లని ఒకేసారి నొక్కింది. అటకమీంచి గిన్నెలు పడ్డట్టు ఓ చప్పుడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే చప్పుడు. మూడోసారి జారినప్పుడు కుడిచేత్తో దాన్ని కొట్టాను. ఎవరినో కొట్టినట్టు, గట్టిగా, రెండు మూడు దెబ్బలు. నొప్పి కూడా సరిగ్గా తెలియలేదు. తల వాల్చేసి ఏడ్చాను.

వీధితలుపు తీసే ఉంది. మా ఆవిడ వెయ్యడం మర్చిపోయిందో, కావాలనే తీసి వెళ్ళిందో నేనిప్పటికీ అడగలేదు. తల ఎత్తేసరికి గుమ్మంలో పొడుగాయన నిలబడి ఉన్నాడు.

"లేచావా బావా?" అన్నాడు.

ఇక కళ్ళు మూసుకుని లాభం లేదు. "ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే."

ఎదురుగానే అబద్ధం చెప్పాడు. చెప్పులు విడిచి మూలకి వెళ్ళి, బేస్‌ని పట్టుకుని, చెవి దానికి ఆనించి తీగలు సరిచేసుకున్నాడు. ఎలా ఉన్నావనలేదు, చెయ్యి చూపించమనలేదు. "కుడిచేత్తో ఏదో ఒకటి అందుకో" అన్నాడు.

వద్దనే ఓపిక కూడా లేక, కుర్రతనంలో నేర్చుకున్న ఒక పాత వరస అందుకున్నాను. కింద ఆధారం లేని ఒంటి చెయ్యి, బలహీనంగా. రెండు చుట్లు అతను తీగల మీద ఒట్టి నడక నడిచాడు. తరవాత ఒకచోట ఆగాడు. నేను ఒక మాట వాయించాను. దానికి కిందినుంచి జవాబొచ్చింది. నా ఎడమచెయ్యి ఎప్పుడూ చెప్పే జవాబు కాదు అది. ఆ చెయ్యి గలగలా అనేక మాటలు చెప్పేది. ఇది ఒకే ఒక్క స్వరం, కాస్త ఆలస్యంగా వచ్చి, నేను వాయించినదాని అర్థాన్నే మార్చేసింది. నేను ఇంకొకటి అడిగాను. ఇంకోలా చెప్పాడు. ఎంతసేపు వాయించామో గానీ, ఆపేసరికి మా ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి.

"ఇది ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను.

"ఎప్పటినుంచో ఉన్నదే బావా."

"ఎప్పుడూ వాయించలేదే?"

"చోటేదీ?" అన్నాడు, బస్సులో సీటు గురించి చెబుతున్నంత మామూలుగా.

"మరి నాతో అనొచ్చు కదా!"

"నువ్వంత బాగా వాయిస్తుంటే మధ్యలో ఏమంటాను? నాక్కూడా వినాలనే ఉండేది." నుదురు తుడుచుకున్నాడు. "ఏం, చెల్లెమ్మ లేదా? టీ ఎవరిస్తారు మరి?"

ఆ సాయంత్రం నా రికార్డులన్నీ తీయించాను. మా ఆవిడ పక్కన కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆ అమ్మాయి వాయించి వినిపించిన పాట ఉన్న రికార్డే పెట్టమన్నాను. నా జీవితంలో మొదటిసారి, దాంట్లో నన్ను కాకుండా కింద ఉన్న అతన్ని వినడానికి ప్రయత్నించాను. కష్టమైంది. పియానో వర్షంలా పడుతుంటే ఆ చప్పుడు వెనకాల మాట్లాడే మనిషిని పట్టుకోవాలి.

"మళ్ళీ మొదటికి పెట్టు."

"ఏంటి వెతుకుతున్నారు?"

"మనవాణ్ణి."

దొరికాడు. పాట సగం దాటాక, నేను ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఒక్క క్షణం ఆగుతాను. అక్కడ బేస్ మూడు స్వరాలు అంటుంది, కిందినుంచి పైకి. మాట మొదలుపెట్టబోతున్న మనిషి గొంతు సవరించుకున్నట్టు. అంతే, నా ఎడమచెయ్యి దూకి తొక్కేస్తుంది. కాసేపటికి ఇంకోచోట అవే మూడు స్వరాలు, మళ్ళీ. చెప్పబోయిన మాటనే ఇంకోసారి చెప్పబోయినట్టు. మళ్ళీ నేను తొక్కేస్తాను. అలాంటి సందు మూడోసారి కూడా వస్తుంది. ఈసారి అతను మొదలుపెట్టడు.

జనం ఎక్కువగా మెచ్చుకున్నది సరిగ్గా ఆ భాగాన్నే. ముందురోజు ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని పరవశంగా వాయించిందీ అదే. నా తరవాతివాళ్ళకి నేను మిగిల్చింది అదన్నమాట. పెద్దమనిషి అడిగిన రెండో ఆయన ముచ్చట గుర్తొచ్చింది. నేనది చెప్పి నవ్వించినప్పుడల్లా పొడుగాయన ఆ గదిలోనే ఉండేవాడు. అతని పేరు కవరు మీద ఉంది. అడుగున, చిన్న అక్షరాల్లో. అందరితోపాటు అతనూ నవ్వేవాడు.

"ఇంకోసారి పెట్టనా?" అంది మా ఆవిడ.

"వద్దు. తీసెయ్యి."

అప్పటినుంచి అతను వస్తే నేను మేలుకునే ఉండేవాణ్ణి. కానీ అతని మొహంలోకి సూటిగా చూడటం మాత్రం, నిద్ర నటించిన రోజులకన్నా కష్టంగా ఉండేది. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాణ్ణి. అడిగితే, "ఛ, అదేంటి బావా" అంటాడు. ఆ మాటతో నాకు హాయిగా తేలిపోతుంది. అలా తేల్చుకోవడం కూడా సిగ్గుగానే అనిపించింది. కచేరీ రోజు తెరవెనక ఎలాగో నోరు తెరిచాను.

"నీకొకటి చెప్పాలి—"

"ముందు ఇటు తిరుగు. టై వంకరగా ఉంది" అని వంగి సర్దాడు.

మా ఆవిడ నా చేతిమీది తువ్వాలు తీసేసుకుని తన సంచీలో పెట్టుకుంది. "ఇది ఇక్కడ అక్కర్లేదు" అని, వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

కళాశాల అమ్మాయి ముందు వాయించింది. హాలు దద్దరిల్లింది. తరవాత నన్ను పిలిచారు. నేను ఒక్క స్వరమైనా వాయించకముందే జనమంతా లేచి నిలబడ్డారు. పియానో దాకా పడకుండా నడిచానని చప్పట్లు. చెవులు వేడెక్కాయి. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అందరికీ కనిపించేలా కూర్చున్నాను.

అదే పాట అందుకున్నాం. కుడిచెయ్యి బాగానే నడిచింది. పాట సగం దాటింది. ఆ చోటు వచ్చింది. పియానో మీంచి చెయ్యి తీసేసి, ఎడమచేతి మీద పెట్టుకున్నాను.

బేస్ మూడు స్వరాలు అని ఆగింది. నేను దూకుతానని అలవాటు. నేను దూకలేదు. పొడుగాయన నావైపు చూశాడు. హాలంతా చడీచప్పుడూ లేదు. నాకు మళ్ళీ ఏదో అయిందనుకున్నారు. తెరపక్కనుంచి ఆ అమ్మాయి రెండడుగులు వేదిక మీదకి వేసింది. మా ఆవిడ సంచీ పట్టుకుని లేచి నిలబడింది. నేను ఆమెకి కూర్చోమని సైగ చేశాను. కొంచెంసేపు నమ్మలేదు. తరవాత కూర్చుంది.

అతను ఆ మూడు స్వరాలూ మళ్ళీ అని, ఈసారి ముందుకి వెళ్ళాడు. పెద్ద విన్యాసాలేం చెయ్యలేదు. ఎప్పుడో చెప్పవలసిన కబురుని, ఇప్పుడు తొందరేముందన్నట్టు, నిదానంగా చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఒకచోట నవ్వించాడు కూడా. నేను పియానో ముందు చేతులు కట్టుకున్న బడిపిల్లాడిలా కూర్చుని విన్నాను. అతను ముగించి తల ఊపాక, చివరి వరస ఒంటిచేత్తో వాయించి ఆపాను.

అయ్యాక జనం నా చుట్టూ మూగారు. ఒక ముసలాయన నా ఎడమచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళనీళ్ళతో, "ఎంత గుండెధైర్యం బాబూ మీది!" అన్నాడు. "నాదేం లేదండీ, వాయించింది ఆయన" అని వేదికవైపు చూపించాను. అందరూ మర్యాదకి ఒకసారి అటు చూసి, మళ్ళీ నావైపే తిరిగారు. అక్కడ పొడుగాయన ఒంటరిగా మోకాళ్ళ మీద కూర్చుని, బేస్‌కి గుడ్డసంచీ తొడుగుతున్నాడు. కళాశాల అమ్మాయి ఒక్కతే అతని దగ్గరికి వెళ్ళి ఏదో అడుగుతోంది. అతను చెయ్యి తిప్పుతూ చెబుతున్నాడు.

ఆ ఎడమచెయ్యి మళ్ళీ రాలేదు. మేమిద్దరం ఆ తరవాత కొన్నేళ్ళు అలాగే, మూడు చేతులతో వాయించాం. పెద్ద హోటళ్ళవాళ్ళు పిలవలేదు. చిన్నచిన్న హాళ్ళవాళ్ళు పిలిచారు. పోస్టర్ల మీద రెండు పేర్లూ ఒకే సైజులో వెయ్యమని అడిగేవాణ్ణి. సగంమంది మర్చిపోయేవాళ్ళు.

కానీ ఆ మొదటి సాయంత్రం కారులో ఇంటికి వస్తుంటే మా ఆవిడ నా పక్కనే కూర్చుంది. ఆమెకి మా సంగీతం పెద్దగా పట్టదు. పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండు కచేరీలకు వచ్చి, కునికిపాట్లు పడి మానేసింది. అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండి ఉండి అంది:

"పొడుగన్నయ్య అంత బాగా వాయిస్తాడని నాకు తెలీదండీ."

"నాకూ తెలీదు" అన్నాను.

జోకనుకుని నవ్వబోయింది. నా మొహం చూసి ఊరుకుంది.